చేత్తో చూడాలి

మనుషుల్ని కొండ అంచుకి తీసుకెళ్ళి, లోయకి వీపు పెట్టి నిలబడమని, ఇక అక్కణ్ణించి వెనక్కి నడవమని ఒప్పించడం మా ఆవిడ ఉద్యోగం. దానికి నెలనెలా జీతం కూడా ఇచ్చేవారు. పెళ్ళినాటికి ఆమె బడిలో ఆటల టీచరు. మెడలో విజిలు, భుజాన బంతుల సంచీ. ఇదంతా నేలమీద జరిగే వ్యవహారమే కదా అని నేను ధైర్యంగా తలూపాను. ముందేం జరగబోతోందో నాకేం తెలుసు?

నా సంగతి కూడా చెప్పేస్తాను. మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు నాది. ఎంత కాలిపోయిన మోటారైనా మళ్ళీ తీగ చుట్టి తిప్పగలను గానీ, స్టూలెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి. అందుకే 'ఫ్యాన్లు విప్పి తెచ్చుకోవాలి' అని కొట్టు ముందు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. మా ఇంట్లో ఫ్యాను ఆగితే మా ఆవిడే ఎక్కి విప్పేది. నేను కింద స్టూలు పట్టుకుని, ఆమె పడిపోతుందేమోనని కళ్ళు గట్టిగా మూసుకునేవాణ్ణి.

ఆమెని ఈ పనిలోకి లాగింది వాళ్ళ పిన్ని కొడుకు. ఆమెకి అన్నయ్య, నాకు బావ. ఊరికి ఎడంగా, బండల గుట్ట కింద ఉన్న సాహస శిక్షణ క్యాంపులో పనిచేసేవాడు. బడిపిల్లలూ ఆఫీసులవాళ్ళూ జట్లుగా వచ్చి, రెండుమూడు రోజులుండి, బండలెక్కి, తాళ్ళమీద నడిచి, భయపడి, నవ్వుకుని వెళ్ళిపోయే చోటు అది. మా ఆవిడ తన బడిపిల్లల్ని వెంటబెట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్ళింది. ఒక పిల్ల బండ మధ్యలో బల్లిలా అతుక్కుపోయి, పైకీ వెళ్ళక కిందికీ రాక ఏడుస్తోందట. కింద నిలబడి ఈమె ఏం మాట్లాడిందో ఏమో, ఆ పిల్ల ఏడుపు ఆపి తనంతట తనే దిగింది. "ఆ బంతులకి గాలి కొట్టుకుంటూ ఎన్నాళ్ళే, ఇక్కడికొచ్చెయ్" అన్నాడు బావ. నన్నొక మాట అడిగిందా అంటే, అడిగింది. నేను వద్దన్నాను. ఆమె వెళ్ళి చేరిపోయింది.

బావ మా ఇంటికొచ్చి, కుర్చీ కాలికి తాడు కట్టి, ఆమెకి ముడి నేర్పాడు. ముందు తాడుతో ఎనిమిది అంకెలాంటి ముడి ఒకటి వేసుకోవాలి. తాడు కొసని నడుం బెల్టులోంచి దూర్చాలి. తరవాత ఆ కొసని ముడి వెంబడే, వచ్చిన దారినే, మళ్ళీ వెనక్కి నడిపించి రెండో వరస వెయ్యాలి. ఆ రెండో వరస పడితేనే మనిషిని మోస్తుంది. పడకపోతే, మీద బరువు పడేదాకా చూడ్డానికి ముడిలాగే ఉంటుంది. మీద ఏ చొక్కా కొసో వాలితే అసలే తెలియదు.

దానికోసమే వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎక్కే మనిషి ముడిని, కింద తాడు పట్టుకునే మనిషి వేళ్ళతో తడిమి, "చూశాను" అని పైకి అనాలి. కింద మనిషి తాడు జారకుండా వేసుకున్న బ్రేకుని ఎక్కే మనిషి తడిమి, తనూ "చూశాను" అనాలి. రెండు నోళ్ళనించీ ఆ మాట వస్తే గానీ కాలు నేల వదలకూడదు. "చేత్తో చూడాలి. కన్ను తనకి అలవాటైనదాన్నే చూస్తుంది బావా, వేలు మాత్రం ఉన్నదాన్నే పట్టుకుంటుంది" అనేవాడు. అనేసి, పనిలో పనిగా నా పొట్ట తడిమి, "చూశాను, బాగానే బిగిసింది" అనేవాడు. వాడి వేళాకోళానికి వేళాపాళా ఉండేది కాదు.

ఆ మాట మా రెండిళ్ళలోనూ కాపురం పెట్టేసింది. "గ్యాస్ కట్టేశావా?" అంటే "చూశాను". "తాళం వేశావా?" అంటే "చూశాను". బావ భార్యని నేను చెల్లెమ్మా అంటాను. బట్టలు కుడుతుంది, ముక్కుసూటి మనిషి, నోరు కొంచెం పెద్దది. ఆమె కూడా మొగుడి ముందు కంచం పెట్టి, "ఉప్పు చూశాను, నోరు మూసుకుని తిను" అనేది. ఆమే మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. పిలుచుకునేవాళ్ళు అనే రాయాల్సి వస్తోంది.

మా ఆవిడ పనిలో ఎంత గట్టిదో నేను ఒకసారి వెళ్ళి చూశాను, దూరంగా నేలమీదే నిలబడి. ఎవరికీ "భయపడకు" అని చెప్పదు. ఎవడు ఎక్కువ జోకులు వేస్తున్నాడో, ఎవడు చెప్పుల పట్టీ మళ్ళీ మళ్ళీ బిగించుకుంటున్నాడో గమనిస్తుంది. వాడి పక్కకి వెళ్ళి, "ముందు ఏ కాలు పెడతావ్?" అని అడుగుతుంది. వాడు కాలి గురించి ఆలోచించడంలో పడి లోయ సంగతి మరిచిపోతాడు. ఎంతవరకు ఎక్కాలన్నది ఎక్కేవాళ్ళ ఇష్టం. "చాలు" అన్న మరుక్షణం దింపేస్తుంది, ఒక్కమాట బతిమాలదు. ఒక పెద్ద ఆఫీసరు మోకాలెత్తు ఎక్కి చాలన్నాడు. పక్కవాళ్ళు నవ్వబోతే ఆమె చూసిన చూపుకి అందరి పళ్ళూ లోపలికి వెళ్ళిపోయాయి.

అసలు పని మాత్రం దిగాక మొదలయ్యేది. అందర్నీ గుండ్రంగా నేలమీద కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేస్తుంది. ఏం జరిగింది? ఏమనిపించింది? ఈసారైతే ఏం చేస్తావు? అడిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే అసలు విద్య అట. ఎవరూ మాట్లాడకపోతే మనకి గొంతులో ఏదో పాకుతున్నట్టుంటుంది కదా, ఏదో ఒకటి అనేస్తాం. ఆమె అనదు. చివరికి ఎవరో ఒకరు తల వంచుకుని నిజం చెప్పేస్తారు. ఇంట్లో మేం పోట్లాడుకున్నాక నామీద కూడా ఇదే ప్రయోగం. "ఈసారైతే ఏం చేస్తావు?" "ఈసారి నోరు మూసుకుంటాను, నువ్వు కూడా మూసుకో" అనేవాణ్ణి. అప్పటికి గానీ నవ్వేది కాదు.

ఇక సెలవురోజు. వారమంతా బండలెక్కించిన మనుషులు సెలవొస్తే ఏం చేస్తారనుకున్నారు? బండలెక్కుతారు! నాకు ఒళ్ళు మండేది. నేను సెలవురోజు మోటారు ముఖం చూస్తానా? "అది పని, ఇది మాకోసం" అనేది. తెల్లవారాక టీ తాగి, ఇద్దరూ గుట్ట వెనక వైపు ఎవరూ రాని పెద్ద బండ దగ్గరికి పోయేవాళ్ళు. బావ ఒక చిన్న పొయ్యి, డొక్కు గిన్నె తీసుకెళ్ళి అక్కడే టీ పెట్టేవాడు. కాసేపు ఎక్కడం, కాసేపు రాతిమీద వెల్లకిలా పడుకోవడం, కాసేపు ఆ వారం వచ్చినవాళ్ళని అనుకరించి నవ్వడం. వాన పడితే మా ఆవిడ ఇంట్లో పాత తాళ్ళు తొట్టిలో నానబెట్టి ఉతికి, నీడలో ఆరేసేది. చేతిలో తాడుముక్క ఉంటే చాలు, టీవీ చూస్తూ ముళ్ళు వేస్తూ విప్పుతూ కూర్చునేది. వారమంతా ఊళ్ళోవాళ్ళందర్నీ మాట్లాడించిన మనిషి, ఇంట్లో నాతో మాత్రం మూగనోము పట్టేది.

చెల్లెమ్మకీ నాలాగే ఒళ్ళు మండేది. నేను లోలోపల గొణుక్కునేవాణ్ణి, ఆమె పైకి అరిచేది. అంతే తేడా.

ఆ సెలవురోజు పొద్దున్న కూడా అరిచింది. కిటికీ గొళ్ళెం ఊడిపోయి వారాలు గడుస్తున్నాయి, బిగించి వెళ్ళమంది. వచ్చాక చూస్తానన్నాడు బావ. "పోతే అటునుంచి అటే పో" అంది. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది అంటుంటారు ఆ మాట! మా అమ్మ మా నాన్నని రోజూ అనేది, ఆయన రోజూ సాయంత్రానికి ఇంటికి చేరేవాడు.

బావ చేరలేదు. కింద మా ఆవిడ తాడు పట్టుకుని ఉండగా, బండ చివరిదాకా ఎక్కి, పైనున్న ఇనప రింగులో తాడు వేసి, దిగడానికి వెనక్కి వాలాడు. అప్పటిదాకా తాడుమీద బరువు పడలేదు. వాలగానే ముడి జారి తాడు కొస బయటికి వచ్చేసింది. రెండో వరస వెయ్యలేదు. కొసని బెల్టులోంచి దూర్చి, అక్కడే వదిలేశాడు. ముడి నేర్పినవాడు, ఊరందరి ముళ్ళూ చూసినవాడు, సగం ముడితో అంత ఎత్తు ఎక్కాడు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మా ఆవిడ బయట బల్లమీద కూర్చుని ఉంది. అరచేతులు పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరు ఏమడిగినా ఒకటే మాట. "తాడు తేలికైపోయింది. చేతిలో తాడు తేలికైపోయింది."

పోలీసులు వచ్చారు, క్యాంపు మేనేజరు వచ్చాడు. ముడి ఎవరు వేశారని అడిగారు. ఆయనే వేసుకున్నాడని చెప్పింది. తాడు బాగుందా అని అడిగారు. బాగుంది. సెలవురోజు, సొంత సరదా, సొంత ముడి, సొంత పొరపాటు. అక్కడితో తేల్చేశారు. ముడి ఎవరు చూశారని మాత్రం ఎవరూ అడగలేదు. పోలీసులకి ఆ పద్ధతి తెలియదు, నాకా క్షణంలో తట్టలేదు. మేనేజరు ఒకప్పుడు బండలెక్కినవాడే, అతనికి తెలుసు. అయినా అతను కూడా అడగకుండా నేలచూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి మా ఆవిడ నోట "చూశాను" అన్న మాట రాలేదు. గ్యాస్ కట్టేశావా అంటే లేచి వెళ్ళి మళ్ళీ కట్టి వచ్చేది, జవాబు చెప్పేది కాదు. క్యాంపుకి వెళ్ళడం మానేసింది. దుఃఖం కదా, అన్న కదా అని నేనూ కదిలించలేదు.

చెల్లెమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, దాని పక్కనే నేలమీద కూర్చునేది. ఎవరు పలకరించడానికి వచ్చినా, "నా నోరే మింగేసింది ఆయన్ని" అనేది. "అటునుంచి అటే పొమ్మన్నాను. ఆ మాట మనసులో పెట్టుకుని ఎక్కాడు. ఆ బాధలో ముడి మరిచిపోయాడు. లేకపోతే ఆయన మరిచిపోయే మనిషేనా?" వచ్చినవాళ్ళు కాదని నాలుగు ముక్కలు చెప్పేవారు గానీ, గడప దాటాక, "పొద్దున్నే ఆ మాట అనకుండా ఉండాల్సింది" అనుకుంటూ పోయేవారు. అది ఆమెకి వినపడేది. తిండి మానేసింది. మనిషి పుల్లలా అయిపోయింది. మెడ ఎముకలు లెక్కపెట్టేలా తేలాయి. ఈమె కూడా ఎక్కువ రోజులు ఉండదని మాకందరికీ అర్థమైపోతోంది.

ఒక మధ్యాహ్నం నేను కొట్లో తీగ చుట్టుకుంటుంటే మా ఆవిడ వచ్చింది. షట్టరు సగం దింపింది. నా ముందు కూర్చుని, సగం చుట్టిన మోటారుని చూస్తూ చెప్పింది.

"అన్నయ్య ముడి నేను చూడలేదు."

నాకు వెంటనే ఎక్కలేదు. "అంటే?"

"కొస బెల్టులోంచి దూర్చాడు. అప్పుడే మీరు స్టూలెక్కడం గుర్తొచ్చింది వాడికి. మీలాగే మోకాళ్ళు వణికిస్తూ, కళ్ళు మూసుకుని, 'పట్టుకున్నావా, పట్టుకున్నావా' అంటూ చేసి చూపించాడు. నేను పడీపడీ నవ్వాను. నవ్వుతూనే నా బ్రేకు సర్దుకుంటున్నాను. వాడు అడిగాడు, 'చూశావా?' అని. చొక్కా కిందికి వాలి ఉంది. తల కూడా సరిగ్గా ఎత్తలేదు నేను. 'చూశాను' అన్నాను."

నేను చేతిలో తీగ కింద పెట్టేశాను.

"వాడూ నా బ్రేకు చూడలేదు. 'చూశాను' అన్నాడు. పిల్లల్తో ఉన్నప్పుడు ఒక్కసారి కూడా అలా చెయ్యలేదండీ. ఒక్కసారి కూడా. సెలవురోజుల్లో ఎప్పటినుంచో నోటితోనే కానిచ్చేస్తున్నాం. మనిద్దరం కదా, మనకేంటి అని."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదా, పోయినవాడి మీదా, ఆ బండ మీదా, అందరి మీదా. వాడి చివరి నవ్వు నామీదే నవ్వాడని తెలిసి ఏడుపొచ్చింది. సెలవొస్తే వీళ్ళు విశ్రాంతి తీసుకున్నది ఎత్తునుంచి కాదు, జాగ్రత్తనుంచి. పిల్లల మీద పెట్టే శ్రద్ధలో పిసరంత కూడా తమమీద పెట్టుకోలేదు.

"ఇప్పుడు వెళ్ళి వదినకి చెప్తాను" అంది.

"పిచ్చా నీకు? చెప్పి ఏం సాధిస్తావు? వాడు లేచొస్తాడా? ఆమె నీ ముఖం చూస్తుందా? క్యాంపులో తెలిస్తే మళ్ళీ తాడు ముట్టుకోనిస్తారా నిన్ను? అడగని దానికి జవాబెందుకు?" అని గట్టిగానే అరిచాను. ఇప్పటికీ నేనన్నది తప్పని అనుకోను. ఎవరి పెళ్ళాన్ని వాళ్ళు కాపాడుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది?

"నేను చేసినదాన్ని ఆవిడ మోస్తోంది" అంది. "మోయలేక చచ్చిపోతోంది. నేను కూర్చుని చూస్తున్నాను."

ఇక నేను ఏమన్నా లాభం లేదని తెలుసు. ఉద్యోగం మారినప్పుడే చూశానుగా! కొట్టు కట్టేసి వెంట వెళ్ళాను.

చెల్లెమ్మ ఎప్పటిలాగే మిషను పక్కన నేలమీద కూర్చుని ఉంది. గొళ్ళెం లేని కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. మా ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుంది, క్యాంపులో పిల్లల ముందు కూర్చున్నట్టే, వాళ్ళకంటే ఒక్క వేలెత్తు కూడా పైన లేకుండా. చెప్పింది. నాకు చెప్పినదంతా అదే వరసలో, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. "నేను చూసి ఉంటే దొరికిపోయేది వదినా. వేలు పెట్టి ఉంటే చాలు. నువ్వన్న మాట కాదు, నేనన్న మాట" అంది.

తరవాత ఊరుకుంది. చెల్లెమ్మ కూడా ఊరుకుంది. కిటికీ రెక్క కొట్టుకుంటూనే ఉంది. ఏదో ఒకటి అనేద్దామని గొంతు సవరించుకున్నాను. మా ఆవిడ నావైపు ఒక్క చూపు చూసింది. నేను మాట మింగేసుకున్నాను.

చాలాసేపటికి చెల్లెమ్మ అడిగింది. "నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు వదినా."

"ఎక్కేటప్పుడు కూడా?"

"పైకి చేరాక కూడా. పైనుంచి మళ్ళీ ఒకసారి మోకాళ్ళు వణికించి చూపించాడు."

చెల్లెమ్మ తలెత్తి నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"నేనన్నది నీతో చెప్పాడా?"

"చెప్పాడు. టీ తాగుతూ చెప్పాడు. 'మీ వదిన అటునుంచి అటే పొమ్మంది, సాయంత్రం గొళ్ళెం కొనుక్కుని వెళ్ళకపోతే తలుపు తియ్యదు' అన్నాడు. డబ్బులున్నాయో లేదో జేబు కూడా చూసుకున్నాడు."

అప్పుడు వచ్చింది చెల్లెమ్మకి ఏడుపు. పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. గుండెలు బాదుకుంటూ, మధ్యమధ్య మా ఆవిడ భుజంమీద కూడా బాదుతూ, "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే? ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు నువ్వు? నన్ను నేను తినేస్తుంటే చూస్తూ కూర్చున్నావా?" అని అరిచింది. మా ఆవిడ కదలకుండా దెబ్బలు తింది. నేను అడ్డం పోబోతే చెయ్యెత్తి వద్దంది.

ఏడుపు తగ్గాక చెల్లెమ్మ ముఖం తుడుచుకుని, చాలా మామూలు గొంతుతో అంది. "లే. మళ్ళీ ఈ గడప తొక్కకు. నీ ముఖం నాకు చూపించకు."

మా ఆవిడ లేచి వచ్చేసింది. దారిలో, నేను చెప్పినట్టే అయింది కదా అని అనొచ్చు. అనడానికి నోరు రాలేదు.

మర్నాడు వెళ్ళి మేనేజరుకి కూడా చెప్పింది. అతను తలుపు దగ్గరకేసి, "నేను అడగలేదు కదమ్మా, ఎందుకు చెప్తున్నావు?" అన్నాడట. నిజంగానే బాధపడ్డాడట. కానీ విన్నాక విననట్టు ఉండలేడు కదా! తాళ్ళ పని తీసేశాడు. ఇప్పుడు ఆమె నేలమీద ఆటలు ఆడిస్తుంది. కళ్ళకి గంతలు కట్టుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచే ఆట, చిన్న చెక్కపలకమీద అందరూ కలిసి నిలబడే ఆట. బండ దగ్గరికి పిల్లలు వెళ్తుంటే గదిలో హెల్మెట్లు తుడుస్తూ కూర్చుంటుంది. సెలవురోజుల్లో ఇంట్లోనే ఉంటుంది. తాడుముక్క కూడా ముట్టుకోదు. ఒకప్పుడు సెలవుపూట ఇంట్లో ఉండమని ఎంత సతాయించాను! ఉంటోంది. చూడలేకపోతున్నాను.

అయితే ఒక సంగతి. కొన్నాళ్ళకి ఆ వీధిలోంచి వస్తుంటే చెల్లెమ్మ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు వినిపించింది. కాసేపు నిలబడి విన్నాను. ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ తల ఊపి, వంటగదిలోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

ఎండలు ముదిరాక చెల్లెమ్మ కబురు చేసింది. ఫ్యాను ఆగిపోయింది, కుట్టుకోవడం కష్టంగా ఉంది, రమ్మని. నాకే. విప్పి తెచ్చుకోండి అనడానికి ఆ ఇంట్లో విప్పేవాడు లేడు. ఇదివరకు ఆ ఫ్యాను బావే విప్పి భుజాన వేసుకుని తెచ్చేవాడు. సామాన్ల సంచీ మా ఆవిడ పట్టుకుని వీధి మలుపు దాకా వచ్చింది. అక్కడ నాకిచ్చేసి, గోడ పక్కన నిలబడిపోయింది.

చెల్లెమ్మ కొంచెం ఒళ్ళు చేసింది. పలకరించింది. గది మధ్యలో స్టూలు వేసింది. నేను చెప్పులు విప్పాను, సంచీ తెరిచాను, స్క్రూడ్రైవరు తుడిచాను, మళ్ళీ తుడిచాను. చివరికి ఒక కాలు పెట్టాను. రెండోది పెట్టబోతే ఇల్లు గిర్రున తిరిగింది. "పట్టుకున్నావా అమ్మా, పట్టుకున్నావా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాగానే ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. నేను దిగిపోయాను.

చెల్లెమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. రెక్కకి బిగించిన కొత్త గొళ్ళెం తీసింది. మలుపు దగ్గర గోడ నీడలో నిలబడ్డ మనిషిని చాలాసేపు చూసింది.

"రమ్మనండి అన్నయ్యగారూ" అంది.

మా ఆవిడ వచ్చి గడప అవతలే ఆగిపోయింది. చెల్లెమ్మ ఆమె ముఖం చూడలేదు. "ఫ్యాను" అని మాత్రం అంది. మా ఆవిడ లోపలికొచ్చి స్టూలు ముందు నిలబడింది. బావ పోయిన తరవాత ఆమె దేనిమీదకీ ఎక్కలేదు. మా ఇంట్లో అటకమీది డబ్బా కోసం కూడా పక్కింటివాళ్ళని పిలుస్తోంది. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. నేను స్టూలు పట్టుకుందామని ముందుకు వెళ్ళాను.

"మీరుండండి" అంది చెల్లెమ్మ.

స్టూలు దగ్గర వంగింది. ఒక్కొక్క కాలునీ వేళ్ళతో పైనించి కిందిదాకా తడిమింది. అతుకుల దగ్గర బొటనవేలు పెట్టి నొక్కింది. పైన చెక్కని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపింది. తొందరేమీ పడలేదు. మా ఆవిడ ఆ చేతుల్నే చూస్తోంది.

చెల్లెమ్మ స్టూలుని గట్టిగా పట్టుకుని, తల ఎత్తకుండానే అంది.

"చూశాను. ఎక్కు."

మా ఆవిడ ఎక్కింది.